క్యామ్ నేర్పుతున్నారు, సరే... మిషను దగ్గరికి రానిస్తారా?

ఒకసారి వంటింట్లో నాలుగు పక్కలా చూడండి. మిక్సీ జారు మూత, ఫ్రిజ్‌లో నీళ్ల సీసా, పిల్లవాడి టిఫిన్ డబ్బా, గ్యాస్ స్టౌకు ఉన్న నాబ్... వీటిలో ఒక్కటీ పలకలాగా చదునుగా ఉండదు. ఎక్కడో ఒక చోట ఒంపు, ఎక్కడో గుండ్రం, ఎక్కడో వేలు ఆనేందుకు చిన్న పల్లం. నిజానికి ఆ ఒంపు ప్లాస్టిక్కుది కాదు, ప్లాస్టిక్కు కరిగి వచ్చి కూర్చున్న ఉక్కు అచ్చుది. ఆ అచ్చులో ఒంపు చెక్కింది గిర్రున తిరిగే ఒక చిన్న కట్టర్. అది ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు నడవాలో, ఎంత లోతు దిగాలో, ఎక్కడ పైకి లేవాలో ముందే కంప్యూటర్ దగ్గర కూర్చుని ఎవరో రాసిపెట్టారు. ఆ రాత పనినే పరిశ్రమ భాషలో క్యామ్ ప్రోగ్రామింగ్ అంటున్నారు.

ఆ "ఎవరో"లో ఆడవాళ్లు ఎందరు? బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వీధుల్లో ఉన్న టూల్ రూముల్లోకి, విజయవాడ ఆటోనగర్ షెడ్లలోకి తొంగి చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే ఇప్పుడు కొంత గాలి మారింది. డిప్లొమా, బీటెక్ మెకానికల్ చదివిన అమ్మాయిల్ని పిలిచి మరీ క్యామ్ నేర్పుతామంటున్నారు. శిక్షణ సంస్థల గోడల మీద, కరపత్రాల మీద వినిపించే మాట ఒకటే: కూర్చుని చేసే పని, ఏసీ గది, చేతికి నూనె మరక అంటదు, అమ్మాయిలకు అనువైనది.

ఈ మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ చిక్కంతా అందులోనే ఉంది. చేతికి నూనె అంటకుండా ఈ పని వస్తుందా? వచ్చినా నిలబడుతుందా? ఇవాళ అమ్మాయిల్ని ఈ రంగంలోకి పిలుస్తున్నవాళ్లను మనం అడగాల్సింది ఈ సంగతే.

చట్టం తలుపు తీసింది

ఆడవాళ్లు లోహపు పనికి దూరంగా ఉండిపోవడానికి "వాళ్లకు ఇష్టం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఇష్టాయిష్టాల సంగతి తర్వాత, ముందు చట్టం ఏం చెప్పిందో చూద్దాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం స్త్రీలతో ఉదయం 6 గంటల నుంచి రాత్రి 7 గంటల దాకానే పని చేయించాలి. రాష్ట్ర ప్రభుత్వం సడలించాలనుకున్నా రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 వరకు ససేమిరా కుదరదు. అదే చట్టం 22వ సెక్షన్‌లో, కదులుతున్న యంత్ర భాగాలను తుడవడం, నూనె వేయడం, సరిచేయడం వంటి కొన్ని పనులు స్త్రీలకు కూడదన్నారు. ఉద్దేశం రక్షణే. కాదనం. కానీ లక్షలు పోసి కొన్న మిషను మూడు షిఫ్టులూ తిరిగితేనే గిట్టుబాటు అనుకునే యజమానికి, ఒక్క షిఫ్టుకే పనికొచ్చే మనిషి ఎందుకు? అలా రక్షణ కాస్తా అడ్డుగోడ అయింది.

రాత్రి షిఫ్టు నిషేధం సమానత్వపు హక్కుకు విరుద్ధమని మద్రాసు హైకోర్టు 2000 డిసెంబరులోనే కొట్టేసింది. ఆ తర్వాత కూడా చాలా చోట్ల పాత అలవాటే సాగింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, స్త్రీ సమ్మతిస్తే ఉదయం 6కు ముందు, రాత్రి 7 తర్వాత కూడా పని చేయవచ్చునంది. భద్రత ఏర్పాట్లు యజమాని చూడాలంది. ఆ కోడ్ కాగితం మీదే అయిదేళ్లు నిద్రపోయి, 2025 నవంబరు 21న మిగిలిన మూడు కార్మిక కోడ్‌లతో పాటు అమల్లోకి వచ్చింది.

దానికి కొద్ది నెలల ముందు, 2025 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం స్త్రీలకు రాత్రి షిఫ్టుల అనుమతికి ఒప్పుకుంది. అదే చేత్తో రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచే సవరణకూ ఒప్పుకుంది. కార్మిక సంఘాలు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. రెండు నిర్ణయాలూ ఒకే మూటలో రావడం గమనించాలి. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలని తేలింది. అంటే దగ్గర దగ్గర అయిదు గంటలు. పది గంటల ఫ్యాక్టరీ, అయిదు గంటల ఇల్లు, రానూపోనూ బస్సులో ఇంకో రెండు గంటలు. ఇక నిద్ర ఏపాటిదో మీరే లెక్క వేసుకోండి. తలుపు తీశారు నిజమే, గడప ఎత్తు మాత్రం పెంచారు.

ఇంతకీ పని ఎలాంటిది?

నేర్చుకోవడానికి ముందు ఇది ఏ తరహా పనో అర్థం కావాలి కదా. పలక మీద నాలుగు బెజ్జాలు వేయడం, అంచులు చదును చేయడం వంటి పనులకు రాసే ప్రోగ్రామ్ తేలిక. ఎక్స్, వై దిక్కుల్లో నడక, జెడ్‌లో లోతు, అంతే. కొన్నాళ్లు కుదురుగా కూర్చుంటే పట్టుబడుతుంది. అసలు కష్టం ఒంపులతో వస్తుంది. వీటినే సర్‌ఫేసులంటారు. కారు బాడీల ఒంపులను లెక్కల్లోకి దింపే దారిని ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో డీ కాస్టెల్జో, రెనో కంపెనీలో బెజియే 1960 ప్రాంతంలో కనిపెట్టారు. ఇవాళ కంప్యూటర్లో గీసే ప్రతి ఒంపు వెనకా ఆ లెక్క ఉంది.

ఒంపును చెక్కడానికి వాడేది కొన గుండ్రంగా ఉండే బాల్ నోస్ కట్టర్. ఇక్కడ దోసె గుర్తుచేసుకోండి. పెనం మీద పిండి పోసి గరిటె వెనక వైపుతో గుండ్రంగా తిప్పుకుంటూ పోతాం. గరిటె అడుగు గుండ్రం కాబట్టి ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య సన్నటి గట్టు మిగులుతుంది. చుట్లు దగ్గర దగ్గరగా తిప్పితే గట్లు కనబడవు, దూరం తిప్పితే దోసె మీద వలయాలు లేచి కనిపిస్తాయి. ఉక్కు మీద కట్టర్ చేసేదీ అచ్చం ఇదే. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరాన్ని స్టెప్‌ఓవర్ అంటారు, మిగిలిపోయిన గట్టును స్కాలప్ అంటారు.

లెక్క చూడండి. 10 మి.మీ. వ్యాసం ఉన్న కట్టర్‌తో గీతకూ గీతకూ 1 మి.మీ. దూరం ఇస్తే చదునైన చోట మిగిలే గట్టు ఎత్తు సుమారు 25 మైక్రాన్లు, అంటే మి.మీ.లో నలభయ్యో వంతు. దూరాన్ని సగం చేసి అర మి.మీ. ఇస్తే గట్టు సగం కాదు, నాలుగో వంతుకు, 6 మైక్రాన్ల చిల్లరకు పడిపోతుంది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ గీతలు రెట్టింపవుతాయి, మిషను నడిచే సమయమూ రెట్టింపవుతుంది. 200 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు ఉన్న చోట 1 మి.మీ. చొప్పున వంద గీతలు, మొత్తం 20 మీటర్ల నడక. నిమిషానికి 2 మీటర్ల వేగంతో పది నిమిషాల్లో అయిపోతుంది. పావు మి.మీ. చొప్పున గీస్తే అదే పని నలభై నిమిషాలు. మిషను గంటకు ఇంత అని బాడుగ లెక్క వేసే చోట ఆ అరగంట ఎవరి జేబులోంచి పోవాలి? అలాగని గట్లు ఎక్కువ మిగిల్చితే తర్వాత ఎమెరీ కాగితం పట్టుకుని గంటల తరబడి పాలిష్ పట్టే కుర్రాడి వేళ్లు అరుగుతాయి. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. అచ్చు దేనికో తెలిసిన మనిషి చెప్పాలి. బయటికి కనబడే మిక్సీ మూతకు ఒక లెక్క, లోపల దాగి ఉండే బ్రాకెట్‌కు ఇంకో లెక్క.

ఏటవాలు వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరుగుతుంది. చదునైన పొలాన్ని రైతు సాళ్లు పెట్టి దున్నినట్టు, సమాంతరంగా గీతలు గీయించడం ఒక పద్ధతి. పల్చని వాలుకు ఇది బాగుంటుంది. కానీ 60 డిగ్రీల వాలు ఉన్న గోడకు అడ్డంగా ఆ సాళ్లు పడితే, పైనుంచి అర మి.మీ.గా కనిపించే దూరం గోడ మీద కొలిస్తే 1 మి.మీ. అయిపోతుంది. గట్టు ఎత్తు నాలుగింతలవుతుంది. అలాంటి నిట్రమైన గోడలకు సింహాచలం గిరి ప్రదక్షిణలాగా ఒకే ఎత్తులో చుట్టూ తిరిగి, కాస్త దిగి, మళ్లీ చుట్టూ తిరిగే వాటర్‌లైన్ పద్ధతి కావాలి. అదే పద్ధతిని చదునైన చోట వాడితే గీతలు ఆమడ దూరంలో పడతాయి. అందుకే ఏ వాలు దగ్గర ఒకటి ఆపి రెండోది మొదలుపెట్టాలో, రెండూ కలిసే చోట గీటు కనబడకుండా ఎంత మేర ఒకదాని మీదికి ఇంకోటి పాకించాలో చూసుకోవాలి. ఇక మూలలు. పెద్ద గరిటె అందని గిన్నె అంచును చెంచాతో గీరినట్టు, పెద్ద కట్టర్ పట్టని సందుల్లో చిన్నదాంతో మళ్లీ నడిపించాలి.

తెర మీద కనబడనివి

ఇప్పటిదాకా చెప్పింది కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకోవచ్చు. ఇక్కడి నుంచే తేడా మొదలవుతుంది.

గుండ్రటి కట్టర్ తిరుగుతుంటే దాని కొన సరిగ్గా మధ్యలో వేగం సున్న. అక్కడ అది కోయదు, రుద్దుతుంది. 10 మి.మీ. కట్టర్ 0.2 మి.మీ. లోతు మాత్రమే కోస్తుంటే, చదునైన చోట లోహానికి తగిలే భాగం వ్యాసం 10 కాదు, 2.8 మి.మీ. మాత్రమే. నిమిషానికి 100 మీటర్ల కోత వేగం కావాలని పుస్తకంలో ఉంటే, 10 మి.మీ. అనుకుని లెక్క వేసిన అమ్మాయి స్పిండిల్‌కు 3,200 చుట్లు రాస్తుంది. నిజంగా కావాల్సింది 11,000 పైచిలుకు. తెర మీద రెండు ప్రోగ్రాములూ ఒకేలా పచ్చగా మెరుస్తూ నడుస్తాయి. మిషను మీద మాత్రం మొదటిది ఉపరితలాన్ని చీకేసినట్టు వదులుతుంది.

ఇంకోటి. లోతైన అచ్చు అడుగు అందడానికి కట్టర్‌ను హోల్డర్‌లోంచి పొడుగ్గా బయటికి లాగి బిగిస్తారు. ఆ పొడుగు రెట్టింపయితే, అదే బలానికి కట్టర్ వంగడం ఎనిమిది రెట్లవుతుంది. వణుకు పుడుతుంది. ఆ వణుకు మొదట చెవికి తెలుస్తుంది, సన్నగా కీచుమంటూ. తర్వాత ఉక్కు మీద చేప పొలుసుల్లాంటి మరకలుగా కంటికి తెలుస్తుంది. ఆ చప్పుడు వినగానే వేగం తగ్గించే నాబ్ మీద చెయ్యి వేసినవాడే మర్నాడు ఇంకో ప్రోగ్రామ్ రాసేటప్పుడు ముందుచూపుతో రాస్తాడు. చప్పుడు విననివాళ్లకు అది ఎన్నేళ్లయినా రాదు.

జాబ్‌ను వైస్‌లో ఎలా బిగించారు, క్లాంపు ఎక్కడ అడ్డం వస్తుంది, చిప్స్ గుంటలో పేరుకుపోతున్నాయా, కూలెంటు సరిగ్గా కొన మీద పడుతోందా, ఇవన్నీ కూడా అంతే. సిమ్యులేషన్‌లో క్లాంపు బొమ్మ పెట్టకపోతే, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అక్కడ క్లాంపు లేదు. కట్టర్ హాయిగా దాంట్లోంచి దూసుకుపోతుంది. మిషను మీద ఆ ఒక్క గుద్దుడుకు స్పిండిల్ బేరింగులు పోతే ఖర్చు లక్షల్లో ఉంటుంది.

"కూర్చుని చేసే పని" వెనక ఏముంది?

మన టూల్ రూముల్లో క్యామ్ ప్రోగ్రామర్లుగా పేరుపడినవాళ్లలో చాలామంది దారి ఒకటే. ముందు హెల్పర్, తర్వాత ఆపరేటర్, ఆ తర్వాత సెట్టర్, చివరికి కంప్యూటర్ ముందుకు. రాత్రి షిఫ్టుల్లో ఫోర్‌మన్ లేనప్పుడు కట్టర్లు విరగ్గొట్టి నేర్చుకున్నవాళ్లు. ఆ రాత్రి షిఫ్టే కదా అన్నేళ్లు ఆడవాళ్లకు లేనిది!

ఇప్పుడు అమ్మాయిల్ని నేరుగా చివరి మెట్టు మీదికి తెచ్చి కూర్చోబెడుతున్నారు. చూడ్డానికి గౌరవంగానే ఉంటుంది. జరిగేదేమిటంటే, ఆమె రాసిన ప్రోగ్రామ్ పెన్‌డ్రైవులో షాపులోకి వెళుతుంది. అక్కడి సెట్టర్ దాన్ని తనకు తోచినట్టు మార్చుకుంటాడు. ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో వెనక్కి వచ్చి చెప్పడు. బాగా వస్తే సెట్టర్ చేతి చలవ, కట్టర్ విరిగితే "ఆ కంప్యూటర్ అమ్మాయి ప్రోగ్రామ్". కిందికి వెళ్లి చూస్తానంటే, "మీరెందుకు మేడమ్, అక్కడంతా నూనె, కాలు జారుతుంది" అని మర్యాదగా ఆపేస్తారు. మర్యాదే అనుకుని ఊరుకున్నవాళ్లు రెండేళ్లయినా డ్రాయింగులు దిద్దే దగ్గరే ఉండిపోతారు. పే స్లిప్పులో హోదా "క్యాడ్ ఆపరేటర్" అనో "ట్రైనీ" అనో పడుతుంది. ఒకే తరహా పనికి ఆడా మగా తేడాతో జీతం ఇవ్వకూడదని 1976 చట్టం చెప్పింది, ఇప్పుడు వేతనాల కోడూ చెబుతోంది. హోదా పేరు వేరు చేస్తే చాలు, పోల్చి అడగడం కష్టమైపోతుంది.

సెట్టర్ల వైపు నుంచీ ఒక మాట చెప్పుకోవాలి. వాళ్లది ఒట్టి అసూయ అనుకోవడం సరికాదు. పదేళ్లు నూనెలో నానిన మనిషికి, నిన్నగాక మొన్న వచ్చిన డిగ్రీవాళ్లు రాసిన కాగితాన్ని నమ్మి లక్షల మిషను నడపమంటే భయమే. అబ్బాయి వచ్చినా అదే భయం. తేడా ఎక్కడంటే, అబ్బాయిని నాలుగు తిట్టి మిషను దగ్గర నిలబెట్టుకుంటారు. అమ్మాయిని తిట్టరు, నిలబెట్టుకోరు. నేర్చుకునే చోట తిట్లు తినే అవకాశం కూడా ఒక అవకాశమేనన్నది చేదుగా ఉన్నా నిజం.

ఆడవాళ్లు లోహపు పనికి పనికిరారన్న వాదనకు చరిత్రలో ఆధారం లేదు. అమెరికాలో 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసిన మొదటి ఆరుగురూ స్త్రీలే. వాళ్లు లెక్కగట్టింది ఫిరంగి గుండు ఏ దారిన పోతుందన్నది. గుండు దారి లెక్క కట్టినవాళ్లకు కట్టర్ దారి లెక్క కష్టమవుతుందా? మన దగ్గరా శ్రీసిటీలో ఫోన్లు బిగించే లైన్ల మీద వేలాది ఆడపిల్లలు సూది మొనంత పని చేస్తున్నారు. వార్షిక పరిశ్రమల సర్వే 2019-20 లెక్కల్లో, దేశం మొత్తం మీద ఫ్యాక్టరీల్లో నేరుగా పనిచేసే స్త్రీలలో 40 శాతానికి పైగా ఒక్క తమిళనాడులోనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఉన్నది నూలు, బట్టల రంగాల్లో. వేళ్ల నేర్పు కావాల్సిన చోట ఆడవాళ్లను పిలుస్తారు, మిషను సొంతంగా సెట్ చేసే అధికారం ఉన్న చోటికి పిలవరు. జీతం పెరిగేది ఆ రెండో చోట.

నేర్చుకునే దారులు

మంచి దారులు లేకపోలేదు. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో మొదలైంది. పదో తరగతి తర్వాత ప్రవేశ పరీక్ష రాసి చేరితే నాలుగేళ్ల టూల్, డై, మోల్డ్ మేకింగ్ డిప్లొమా. అక్కడ ముందు ఆకురాయి చేతికిస్తారు, ఆ తర్వాతే మౌసు. విజయవాడలోనూ ఆ సంస్థ శాఖ ఉంది. ఐటీఐల్లో మెషినిస్టు, టూల్ అండ్ డై మేకర్ ట్రేడులు రెండేళ్లవి. ఆడపిల్లల్ని ఐటీఐలో చేర్చడమంటే కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడో, కుట్టుపనో తప్ప మనవాళ్లకు వేరే తోచదు. తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనిని 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి మొదలుపెట్టింది. కొత్త మిషన్లు వచ్చాయన్న ఫోటోలతో సరిపుచ్చకుండా, వాటి ముందు రోజుకు ఎందరు ఆడపిల్లలు ఎన్ని గంటలు నిలబడుతున్నారో పేపర్లు అడగాలి.

ఇంటి దగ్గర సాధన చేసుకునే వీలు ఇదివరకెన్నడూ లేనంతగా ఉంది. పెద్ద క్యామ్ సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు లక్షల్లో పలుకుతాయి గానీ, ఫ్యూజన్ అనేదాన్ని సొంత సాధనకు ఉచితంగా ఇస్తున్నారు. 2020 నుంచి అందులో గాలిలో వేగపు నడక, కట్టర్ తనంతట మారడం వంటివి కత్తిరించారు, అయినా సర్‌ఫేసు గీతలు నేర్చుకోవడానికి సరిపోతుంది. పూర్తిగా ఉచితమైన ఫ్రీక్యాడ్ 1.0 వెర్షన్ 2024 నవంబరులో వచ్చింది. పెళ్లయి ఉద్యోగం మానేసిన మెకానికల్ ఇంజనీరు ఎవరైనా పిల్లలు బడికెళ్లాక రెండు గంటలు దీంతో కూర్చోవచ్చు. మూత బొమ్మ ఒకటి గీసి, దాన్ని మూడు పద్ధతుల్లో నడిపించి, ఏ చోట ఎంత గట్టు మిగిలిందో, ఎంత సమయం పట్టిందో కాగితం మీద రాసుకుంటే రెండు నెలల్లో చాలా తెలుస్తుంది. తర్వాత మాత్రం మిషను కావాలి.

ఇంతలోనే ఇంకో కబురు. కృత్రిమ మేధ వచ్చేసింది, టూల్‌పాత్‌లు అదే రాస్తుంది అంటున్నారు. లండన్‌కు చెందిన క్లౌడ్‌ఎన్‌సీ అనే కంపెనీ 2023లో అలాంటి సహాయక సాఫ్ట్‌వేరును అమ్మకానికి పెట్టింది. పలకలు, బెజ్జాలు, గుంటల వంటి తేలిక పనుల్లో ఇలాంటివి నిజంగానే సమయం ఆదా చేస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, మిషను తెలియని కొత్తవాళ్లకు గదిలో కూర్చోబెట్టి ఇచ్చేది ముందుగా ఆ తేలిక పనులే. ఆ మెట్టు కరిగిపోతే, పై మెట్టు మీద ఉండేది కట్టర్ చప్పుడు తెలిసినవాళ్లే. అమ్మాయిల్ని గదికే పరిమితం చేసే పద్ధతి మామూలు రోజుల్లో అన్యాయం అనిపించుకునేది. ఇప్పుడు అది వాళ్ల ఉద్యోగానికే ఎసరు పెడుతుంది.

చిన్న షెడ్ల సంగతి

టూల్ రూములంటే అన్నీ ఆదిభట్లలో విమాన విడిభాగాలు చేసే ఫ్యాక్టరీల్లా ఉండవు. ఎక్కువ భాగం ఆరుగురో ఎనిమిదిమందో పనిచేసే షెడ్లు. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు. ఉన్న ఒక్కటీ తాళం లేనిది. ఈ ఒక్క కారణంతో పని వదిలేసిన అమ్మాయిలు ఆ మాట ఎవరికీ చెప్పరు, "దూరమైంది" అంటారు. 26 వారాల ప్రసూతి సెలవు పది మంది ఉన్న సంస్థల నుంచి, శిశు సంరక్షణ కేంద్రం 50 మంది ఉన్న చోట నుంచి అంటుంది చట్టం. చిన్న షెడ్డుకు ఏదీ వర్తించదు. లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం ప్రకారం పది మంది ఉంటే సంస్థలోనే కమిటీ ఉండాలి. అంతకు తక్కువైతే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. యజమాని మీదే ఫిర్యాదయితే కూడా అక్కడికే వెళ్లాలి. ఈ సంగతి చిన్న షెడ్లలో పనిచేసేవాళ్లకు ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం.

మిషను దగ్గరికి వెళ్లేవాళ్లు చున్నీ తీసి పక్కన పెట్టాలి, జడ ముడి వేసి టోపీలోకి దోపాలి, గాజులు, ఉంగరాలు ఉండకూడదు. తిరిగే కట్టర్ దగ్గర చేతి తొడుగులు రక్షణ కాదు, ప్రమాదం. అది తొడుగుతో పాటు చేతినీ లాగేస్తుంది. ఇదంతా నాలుగు రోజుల అలవాటు. "చీర కట్టుకునే ఆడవాళ్లు మిషను దగ్గరికెలా?" అనేవాళ్లకు యూనిఫాం కుట్టించడం ఎంత ఖర్చో అడిగితే సరి.

ఇక కోర్సులో చేరబోయేవాళ్లు ఫీజు కట్టే ముందు కొన్ని సంగతులు కచ్చితంగా తేల్చుకోవాలి. సంస్థలో మిషను ఉందా, ఉంటే నడుస్తోందా? ఒక్కో విద్యార్థికి మిషను మీద ఎన్ని గంటలిస్తారు? రాసిన సర్‌ఫేసు ప్రోగ్రామును ఉక్కు మీదో, కనీసం అల్యూమినియం మీదో కోయించి, ఆ ముక్కను చేతిలో పెడతారా? కట్టర్ విరిగితే ఖర్చు ఎవరిది? ఆపరేటర్లను తయారుచేసే బ్యాచిలో అమ్మాయిల్నీ కలుపుతారా, లేక వాళ్లను కంప్యూటర్ గదిలోనే వేరుగా కూర్చోబెడతారా? ఉద్యోగం ఇప్పిస్తామంటే, కిందటి బ్యాచి అమ్మాయిలు ఇద్దరితో మాట్లాడిస్తారా, వాళ్ల హోదా ఏమిటి? వెళ్లేటప్పుడు ఇంట్లోంచి ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, మిషను స్విచ్ వేసి చూపించమనండి. కౌంటర్లో కూర్చున్నాయన అందుకు బదులు ఇంకో రంగుల కరపత్రం తీసి ముందు పెడితే, పోయేది బస్సు చార్జీ ఒక్కటే.